మన చెఱువులకు వచ్చు హంసలు

హంస యను మాట వినని తెలుగువాడు లేడు. నలదమయంతుల కథలో దానిని వింటిమి. సరస్వతీదేవి పటములో చూచితిమి. పాలను నీళ్ళను వేఱుచేయునని బడిలో చదివితిమి. పెద్దలు కాలము చేసినపుడు హంస లేచిపోయెనని చెప్పుకొందుము. ఇంతగా మన నోట మెలగు ఆ పక్షిని కన్నులార చూచినవారెందఱని యడిగినచో సభలో ఎవ్వరును నోరు మెదపరు. అది దేవలోకపు పక్షియనియు, కవుల కల్పనయనియు, ఒకవేళ ఉన్నను హిమాలయముల కావలనే గాని మన దిక్కునకు రాదనియు పలువురు తలచుచున్నారు. శ్రోతలారా! ఈ పూట నేను మనవి చేయదలచినది ఇంతే. హంస నిజమైన పక్షి. ఏటేట శీతకాలమున అది దక్షిణదేశమునకు వచ్చుచున్నది. మన నెల్లూరు జిల్లా చెఱువులును దాని త్రోవలోనివే. మనము దానిని చూచియు బాతు అని పిలిచి, గుర్తింపక పోనిచ్చుచున్నాము.

మొదట పేరు సంగతి తేల్చుకొనవలెను. అమరసింహుడు హంసకు చెప్పిన పర్యాయపదములలో ‘మానసౌకసులు’ అనునది యొకటి. మానససరస్సు ఇల్లుగా గలవని దానికి అర్థము. ‘శ్వేతగరుత్తులు’, అనగా తెల్లని ఱెక్కలు గలవి, అనునది మఱియొకటి. ముక్కును కాళ్ళును ఎఱ్ఱనివైనచో రాజహంసలనియు, మలినవర్ణమైనచో మల్లికాక్షములనియు, నల్లనివైనచో ధార్తరాష్ట్రములనియు ఆయన విభాగించెను. కోశకారుడు ఇంత వివరముగ చెప్పినను, వ్యాఖ్యాతలు మాత్రము పిట్ట పేరు వచ్చిన చోటనెల్ల ‘పక్షివిశేషము’ అని వ్రాసి ముందునకు సాగిపోయిరి. మా పండితులకు ఇది చిరకాలపు అలవాటు. ముప్పదియేండ్లు బడిలో పాఠము చెప్పినవాడను. పిల్లవాడు లేచి నిలుచుండి ‘హంస యెట్లుండును అయ్యవారూ?’ అని యడిగినపుడు ‘పక్షివిశేషము’ అన్నచో వానికి తృప్తి కలుగదు. కలుగవలసిన పనియు లేదు.

దీనికి తోడు పటములు వచ్చి చిక్కును మఱింత పెంచినవి. ఐరోపాఖండమున స్వాన్ అను పక్షి కలదు. మెడ పామువలె పొడవై వంపు తిరిగియుండును. ఒడలంతయు పాలవలె తెలుపు. రాజా రవివర్మ దమయంతి యెదుట నిలిపిన హంస అట్టిదే. ఆ పటము అచ్చుపడి ఇంటింట గోడ కెక్కిన తరువాత హంస యనగా స్వాన్ అని జనులలో స్థిరపడిపోయినది. ఆ స్వాన్ ఎప్పుడో దారితప్పి వాయవ్యపు పొలిమేరలలో కనబడునే గాని మన దేశమునకు నియమముగ వచ్చు పక్షి కాదు. ప్రాచీనశిల్పులకు ఈ భ్రమ లేదు. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోకచక్రవర్తి నిలిపిన లౌరియా నందన్‌గఢ్ స్తంభముమీద హంసలబారు చెక్కియున్నది. పొట్టిమెడ, బరువైన యొడలు, గింజల కొఱకు వంగిన తల. సాంచీలోని అశోకస్తంభముమీది హంసలును అట్టివే. పల్లెలో పెరిగినవాడెవడైనను చూచిన వెంటనే అవి పెద్దబాతులని చెప్పగలడు. హాలెండు దేశపు విద్వాంసుడు వోగెల్ గారు హంసనుగూర్చి వ్రాసి, 1962లో వెలువడిన గ్రంథమున, మన వాఙ్మయములోను శిల్పములోను గల హంస స్వాన్ కాదనియు, అడవి పెద్దబాతు జాతిలోనిదనియు నిరూపించిరి. నాకును అదియే సమ్మతము.

ఆ జాతిలో మన దక్షిణమునకు వచ్చుదానిని ఇంగ్లీషున బార్ హెడెడ్ గూస్ అందురు. 1790లో లాథమ్ అను ఆంగ్లేయుడు దీనికి శాస్త్రీయనామము పెట్టుచు అందు ఇండియా పేరునే చేర్చెను. ఇది ఊరబాతుకన్న పెద్దది. రెండు మూడు కిలోల తూకముండును. ఒడలు లేత బూడిదవన్నె, తల తెలుపు. తలవెనుక ఒకదాని క్రింద నొకటిగా రెండు నల్లని పట్టెలు అడ్డముగ నుండును. మెడ ప్రక్కలను నిలువుగా తెల్లని చార దిగును. ముక్కును కాళ్ళును పసుపు కలిసిన నారింజవన్నె. నేలమీద నున్నపుడు బూడిదవన్నెగ తోచు ఈ పక్షియే ఎండలో ఎగిరినపుడు ఱెక్కలు తెల్లగ మెఱయును. అమరుని శ్వేతగరుత్తు అను మాట అప్పుడు గుఱుతునకు వచ్చును. నేలపట్టు వద్ద చెట్లమీద గూళ్ళు కట్టు గూడబాతు వేఱు. పులికాటు సరస్సునకు వచ్చు ఫ్లెమింగోను నేటి పత్రికలవారు రాజహంస యనుచున్నారు గాని, ఆ పొడవుకాళ్ళ పక్షిని ఈ చర్చలోనికి తేవలసిన పనిలేదు.

పాలు నీళ్ళ మాట యొకటి మిగిలినది. తామరతూడు విఱిచినచో పాలవంటి రసము స్రవించును. హంస నీటిలో మునిగియున్న తూడును కొఱికి ఆ రసము త్రాగుటయే క్షీరనీరవివేకమునకు మూలమని లాన్మన్ అను అమెరికా దేశపు సంస్కృతపండితుడు 1898లో సూచించెను. అది కొంత నమ్మదగినదిగనే యున్నది. పాలగిన్నె ముందు పెట్టి పరీక్షింపనవసరము లేదు.

ఇక త్రోవ సంగతి. వానకాలము రాగానే హంసలు మానసమునకు పోవుననియు, శరత్తున తిరిగివచ్చుననియు చెప్పుట మన కవులకు సంప్రదాయము. కాళిదాసు మేఘసందేశములో కైలాసమువఱకు మేఘమునకు తోడు పోవునవి రాజహంసలే. అవి దారిబత్తెముగ తామరతూడుల ముక్కలు తీసికొని బయలుదేరును. పరశురాముడు క్రౌంచపర్వతమున చేసిన రంధ్రము హంసలు హిమాలయమును దాటు ద్వారమని ఆ కావ్యమందే కలదు. ఈ కల్పనలో ఎంత నిజమున్నదో చూడుడు. హంసలు దక్షిణమును విడుచుట మాఘము చివరనుండి చైత్రమువఱకు జరుగును. తొలకరి వఱకు అవి ఆగవు. ఆ యొక్క విషయమున కవిసమయము రెండు మూడు నెలలు వెనుకబడినది. తక్కినదంతయు, అనగా పోవు దిక్కు, చేరు చోటు, కొండలను దాటుట, శరత్తు వెనువెంట తిరిగివచ్చుట, సరిగానే యున్నది.

ఇదే కాలమున, అటుతరువాత నూర్లకొలది ఏండ్లును, ఐరోపాఖండమున పండితులు శీతకాలమున పక్షులేమగునని తికమకపడుచుండిరి. కొన్ని పక్షులు తొఱ్ఱలలో దాగి నిద్రించునని అరిస్టాటిల్ వ్రాసెను. 1555లో స్వీడను దేశపు మతాచార్యుడొకడు, బెస్తలు వలలువేసి మంచుగడ్డల క్రిందనుండి పిచ్చుకలవంటి పక్షులను గుంపులుగ పైకి లాగుదురని అచ్చువేయించెను. 1822లో జర్మనీలో క్లూట్జ్ అను ఊరికడ ఒక పెద్దకొంగ దొరకినది. దాని మెడలో ఒక బల్లెము ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు దూసికొనియున్నది. బల్లెపు కొయ్య ఆఫ్రికాఖండపుదని తేలినది. ఆ గాయముతోనే అది సముద్రము దాటి వచ్చినదన్నమాట. ఆ కొంగను నేటికిని రోస్టాక్ విశ్వవిద్యాలయమున భద్రపఱచియున్నారు. పక్షులు ఖండాంతరములకు పోవునని అచ్చటివారు నమ్ముటకు అట్టి సాక్ష్యము కావలసివచ్చినది.

మన పూర్వులను పొగడుకొనుటకు ఇది చెప్పుటలేదు. హిమాలయపు కనుమలలో గొఱ్ఱెలకాపరులు, ఉప్పు ఉన్ని మార్చుకొను వర్తకులు, కైలాసయాత్రికులు తరతరములుగ తిరుగుచుండిరి. ఆకాశమున పోవు బారులను వారు చూచిరి. వారు చెప్పినది ఊరూర ప్రాకి తుదకు కవులచెవి సోకియుండునని నా ఊహ. ఉజ్జయినిలో కూర్చున్నవానికి మానసమున హంసలున్నవని మఱియెట్లు తెలియును?

మానసమున హంసలను తాను చూచి వ్రాసినవారిలో మన తెలుగువారొకరున్నారు. ఆయన స్వామి ప్రణవానంద. 1896లో తూర్పుగోదావరి సీమలో పుట్టిరి. 1936-37 సంవత్సరములలో మానససరస్సు దక్షిణతీరమున తుగోల్హో యను బౌద్ధమఠమందు ఏడాదిపాటు నిలిచి, నీరు గడ్డకట్టుటయు, ఆ మంచు పగులుటయు గమనించి వ్రాసికొనిరి. ప్రక్కనే యున్న రాక్షసతాలములోని దీవిమీద హంసలు గ్రుడ్లు పెట్టుటను గూర్చియు వ్రాసిరి. ఆయన గ్రంథమును 1939లో కలకత్తా విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. ‘కైలాస్ మానససరోవర్’ అను మఱియొకటి 1949లో వెలువడినది. 1976లో ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించినది. మానసము సముద్రమట్టమునకు ఇంచుమించు పదునైదువేల అడుగుల ఎత్తున నున్నది. ఆ చలిలో ఒక గోదావరి మనుష్యుడు ఏడాది యుండి పక్షులను చూచెనన్న మాట మన పాఠ్యపుస్తకములలో ఎక్కడను కనబడదు. ఉండవలసినది.

అయితే మానసమున హంసలున్నవి, మన చెఱువులలోను ఉన్నవి అన్నంత మాత్రమున అవియే ఇవి యని రుజువు కాదు గదా! ఆ రుజువునకు త్రోవ చూపినవాడొక బడిపంతులు. డెన్మార్కు దేశమున మార్టెన్సెన్ అను ఉపాధ్యాయుడు 1899లో గోరువంకజాతి పక్షులను పట్టి, వాని కాళ్ళకు అంకెలు చెక్కిన అల్యూమినియపు కడియములు తొడిగి విడిచెను. కడియమున్న పక్షి మఱియొక దేశమున దొరకినచో అది ఎక్కడనుండి వచ్చినదో తెలియును. మన దేశమున ఈ పనిని 1883లో స్థాపితమైన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు, సలీం అలీ గారి ఆధ్వర్యవమున, 1959 మొదలు పెద్ద యెత్తున సాగించిరి. ఇప్పుడు కడియములతో ఆగలేదు. 2008 నుండి ఒరిస్సాలోని చిలకసరస్సు మొదలగు శీతకాలపు నెలవులలోను, మంగోలియా సరస్సులలోను హంసలను పట్టి, వీపున చిన్న యంత్రములు కట్టి విడుచుటయు, ఆ యంత్రముల సంకేతములను కృత్రిమోపగ్రహములచే గ్రహించుటయు జరిగినది. మన దేశమున చలికాలము గడపిన పక్షులు హిమాలయముల మీదుగ టిబెట్టు పీఠభూమికి పోవుట పటముమీద గీతగీసినట్లు కనబడినది. అవి గ్రుడ్లు పెట్టు సరస్సులు మానసమొక్కటియే కాదు. లడఖులోని సో మొరీరి, చైనాలోని చింఘాయి, కిర్గిజు దేశమందలి సరస్సులు, మంగోలియా, ఇవన్నియు వాని పుట్టినిండ్లే.

ఆ కొండలను దాటు విధము 2011, 2013, 2015 సంవత్సరములలో ప్రకటింపబడిన పరిశోధనలవలన తెలిసినది. పదునెనిమిదివేల అడుగుల ఎత్తున గాలి పలుచనై, మనము నేలమీద పీల్చు ప్రాణవాయువులో సగమే లభించును. అక్కడ మనుష్యుడు పది యడుగులు నడచిన రొప్పును. హంస అచ్చటనే ఱెక్కలాడించుచు పోవును. పల్లపుసీమనుండి కొండలపైకి ఎక్కుటకు దానికి ఏడెనిమిది గంటలు చాలును. పగటిపూట లోయలనుండి కొండలమీదికి వీచు గాలి సాయముచేయునని మనము తలతుము. హంస దానికై వేచియుండక, చల్లగ నిశ్చలముగ నుండు రాత్రివేళను, తెల్లవారుజామునను ఎక్కుటకే యిష్టపడును. చల్లనిగాలి చిక్కన. ఱెక్కకు పట్టు దొరకును. మఱియొక వింత కలదు. ఒక్కసారి పైకెక్కి సమమైన ఎత్తున సాగిపోవునని పూర్వము తలచుచుండిరి. అట్లు కాదు. మన వెలిగొండ కనుమలో బండి ఎక్కుచు దిగుచు పోవునట్లు, హంస నేలవాలును బట్టి లోయలలోనికి దిగి, శిఖరము వచ్చినపుడు మరల ఎక్కును. ఎక్కిన ఎత్తును పోగొట్టుకొనుట వెఱ్ఱితనముగ తోచును గాని, పలుచని గాలిలో ఱెక్క లాడించుటకు పట్టు శ్రమ అంతకన్న మిక్కుటము. గుండె కొట్టుకొనుటను కొలుచు యంత్రములచేత ఇది తేలినది. ఇట్లు కొలిచినవానిలో మిక్కిలి ఎత్తు 7,290 మీటరులు, అనగా సుమారు ఇరువదినాలుగువేల అడుగులు.

ఈ శక్తికి కారణము దాని శరీరములోనే కలదు. రక్తమునకు ఎఱుపునిచ్చి ప్రాణవాయువును మోయు పదార్థమున, ఈ పక్షికి మాత్రము ఒకచోట స్వల్పమైన మార్పున్నది. అందుచేత అది పలుచని గాలినుండియు ప్రాణవాయువును గట్టిగ పట్టుకొనగలదు. తక్కిన బాతులకన్న ఊపిరితిత్తులు పెద్దవి. ఎగురు కండలలో సూక్ష్మనాళములు దట్టముగ నుండును. యోగశాస్త్రమున ఉచ్ఛ్వాసనిశ్వాసములకే హంస యని పేరు పెట్టిరి. ఆ పేరునకును ఈ పక్షి ఊపిరికిని సంబంధమున్నదని నేననను. కాని చదివినపుడు మనస్సు కొంతసేపు అక్కడ నిలిచినది.

బారు కట్టుటయు అందమునకు కాదు. ఱెక్క క్రిందికి కొట్టినపుడు దాని కొనవద్ద గాలి సుడి తిరిగి బయటివైపు పైకి లేచును. వెనుక వచ్చు పక్షి ఆ లేచుగాలిమీద ఱెక్క ఆనించుకొనును. ముందు పక్షికి నేరుగా వెనుక నుండినచో క్రిందికి దిగు గాలి తగులును గనుక, ఒక ప్రక్కకు ఒదిగి ఎగురును. అందువలననే నాగేటికఱ్ఱు మొనవంటి ఆకారము ఏర్పడును. మొననున్న పక్షికి ఈ సాయము లేదు. అందుచే త్రోవలో పక్షులు స్థానము మార్చుకొనుచుండును.

హంస కుటుంబజీవనము మెచ్చదగినది. ఒకసారి జతకూడిన ఆలుమగలు ఏండ్లతరబడి కలిసియుండును. సరస్సుల దీవులలోను, చిత్తడినేలలమీదను గుంపులుగ గూళ్ళు పెట్టును. ఒక్కొక్క గూటిలో నాలుగైదు గ్రుడ్లుండును. ఆడుపక్షి సుమారు నెలదినములు పొదుగును, మగపక్షి కావలి కాచును. పుట్టిన మఱునాటికే పిల్లలు గూడు విడిచి తల్లివెంట నీటికి నడచి, తమ మేత తామే వెదకికొనును. ఆ దినములలో తల్లిదండ్రుల ఱెక్కయీకలు ఒక్కసారిగ రాలిపోవును. క్రొత్తవి వచ్చు వఱకు, ఇంచుమించు నెలదినములు, అవియు ఎగురలేవు. పిల్లలకును ఎగురుట రాదు. కుటుంబమంతయు నీటినే నమ్ముకొని యుండును. శరత్తు వచ్చుసరికి పిల్లలు పెద్దవై, తల్లిదండ్రులవెంటనే తొలిసారి త్రోవ చూచుచు దక్షిణమునకు వచ్చును. చలికాలమంతయు అవి విడిపోవు. శ్రీనాథుని శృంగారనైషధములో నలునిచేత చిక్కిన హంస, ముసలి తల్లిని, ఆలిని, ఱెక్కలు రాని పిల్లలను తలచుకొని విలపించును. నలుడు కరగి విడిచిపెట్టును. మాటలు కవివి. ఆ బంధము మాత్రము పక్షిదే.

గ్రుడ్డునుండి వచ్చిన పిల్ల మొదట ఎదుట కదలుదానిని తల్లిగ నెంచి వెంటబడును. ఈ గుణమును ఆస్ట్రియా దేశస్థుడు కోన్రాడ్ లోరెంజ్ గ్రేలాగ్ అను మఱియొక జాతి పెద్దబాతులయందు పరీక్షించెను. ఆయన పొదిగించిన పిల్లలు తల్లిని చూడక ఆయననే చూచినందున, ఆయన నడచిన నడచి, ఈదిన ఈదినవి. పశుపక్ష్యాదుల నడవడిని గూర్చిన ఇట్టి పరిశోధనలకు 1973లో ఆయనకు మఱి యిద్దఱితోపాటు నోబెల్ బహుమానము వచ్చినది.

ఇప్పుడు మన సీమకు వత్తము. మాది జలదంకి. పేరులో జలమున్నది గాని మాది మెట్టసీమ. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములవారికి నేను చెప్పవలసిన పనిలేదు. వాన కురిసి చెఱువు నిండినచో పంట, లేనిచో వలస. ఉత్తరదేశమున చెఱువులు శ్రావణభాద్రపదములలో నిండును. మన జిల్లాకు ముఖ్యమైన వాన ఆశ్వయుజము మొదలు మార్గశిరమువఱకు, తూర్పు సముద్రమునుండి వచ్చునది. హంసలు మంచునకు వెఱచి దక్షిణమునకు బయలుదేరుటయు, మన చెఱువులు నిండుటయు ఒకే కాలమున జరుగును. పుష్యమాఘములలో నీరు కట్టవైపు తగ్గుచుండగా, ఎగువ పల్లములో తడినేల బయటపడి లేతగడ్డి, తుంగ మొలచును. ఆ పచ్చిక హంసకు పరమాన్నము. పగలు నీటినడుమనో, తెఱపి గట్టుననో గుంపుగ కునుకుచుండును. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట లేచి పొలములమీదికి పోయి మేయును. మేయునపుడు కొన్ని తల యెత్తి నలుదిక్కుల చూచుచుండును. ఏటేట ఒకే చెఱువున దిగునను నియమము లేదు. నీరును, నాలుగువైపుల చూపునకు అడ్డములేని తెఱపియు నున్నచోట దిగును.

ఆ చెఱువులు దేవుడు తవ్వినవి కావు. క్రీ. శ. 1369లో, విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను మాఱుపేరు గలవాడు, మన ఉదయగిరినుండి పాలించుచు, వెలిగొండల కావల పోరుమామిళ్ళలో పెద్ద చెఱువు కట్టించెను. దానికి అనంతరాజసాగరమని పేరు పెట్టెను. అచ్చటి శాసనము చదువదగినది. మంచి చెఱువునకు కావలసిన అంగములు పన్నెండని చెప్పి వరుసగా ఎంచినది. ధర్మాత్ముడైన రాజు, నీటిశాస్త్రమెఱిగినవాడు, గట్టినేల, తియ్యని నీటి ఏఱు, కొండ, ఱాతికట్ట, చుట్టు సారవంతమైన పొలము, పనినేర్చిన కూలీలు మొదలగునవి. చెఱువునకు దోషములు ఆఱు. రెండు రాజ్యముల పొలిమేరన ఉండుట వానిలో నొకటి! రెండూళ్ళ నడుమ చెఱువున్నచో ఏమగునో మనకు తెలియనిది కాదు. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్లు పనిచేయగా అది పూర్తియైనది. ఆ శాసనమున హంసల ప్రసక్తి లేదు. హంసలకొఱకు ఎవ్వరును చెఱువు కట్టరు. కాని ఆ భవదూరుడు, ఆయన వంటి రాజులు, రెడ్లు, ఊరిపెద్దలు కట్టించిన వేలకొలది చెఱువులవలననే ఈ మెట్టసీమలో హంసకు దిగుటకు చోటు కలిగినది. తెలిసియో తెలియకయో మానసపు త్రోవకు దక్షిణపు కొసను కట్టినవారు వారే.

నెల్లూరి పక్షులను శాస్త్రరీత్యా చూచినవారిలో జెర్డన్ దొరను తలపకుండరాదు. ఆయన 1840 తరువాత నెల్లూరున సర్కారు వైద్యుడుగ నుండెను. మన యానాదులతో మెలగి కొండల జంతుజాలమును గూర్చి తెలిసికొనెను. ఆ కాలముననే, 1843 మొదలు 1847 వఱకు, పక్షుల చిత్రపటములతో ఒక గ్రంథమును మదరాసున అచ్చువేయించెను. తరువాత 1862-64లో మూడు సంపుటములుగ వెలువరించిన గ్రంథములో పక్షులకు తెలుగుపేర్లను గూడ చేర్చెను. మన ‘పక్షివిశేషము’ వ్యాఖ్యాతలకన్న ఈ విషయమున ఆయనయే మేలు. పెన్నలోయలో కనబడు కలివికోడికి ఇంగ్లీషున ఆయన పేరే పెట్టియున్నారు. ఆ పక్షి నశించినదని అందఱును తలచియుండగా 1986లో కడపజిల్లాలో మరల కనబడినది.

ఇక రైతు మాట. హంస పచ్చనిచేను మేయును, దాచవలసిన పనిలేదు. లేత పైరుమీద గుంపు పడినచో ఆ రాత్రికి ఆ మడి పోయినట్లే. రైతు కేకవేసి తోలుకొనుటలో తప్పులేదు. కోతలైన పొలములలో రాలిన గింజలు తినుటయు, రెట్టవేసి నేలకు బలమిచ్చుటయు ఆ పద్దున రెండవవైపు వ్రాయవలెను. చెంగల్పట్టు సీమలోని వేదాంతాంగల్ గ్రామస్థులు ఈ లెక్కను ఎన్నడో చూచుకొనిరి. అది హంసల చెఱువు కాదు. కొంగలు, నీరుకాకులు గూళ్ళు పెట్టు చెఱువు. పక్షిరెట్ట కలిసిన నీరు పైరునకు ఎరువని వారెఱుగుదురు. తెల్లసిపాయీలు తుపాకులతో పక్షులను వేటాడగా, ఊరివారు 1798లో కలెక్టరు ప్లేసు దొరకడకు పోయి మొఱపెట్టుకొని, ఆ చెఱువున పక్షులను కొట్టరాదని కౌలు వ్రాయించుకొనిరి. దేశమంతటికి అట్టి చట్టము 1972లో గాని రాలేదు.

చట్టము వచ్చిన తరువాత తుపాకిదెబ్బ తగ్గినది గాని చెఱువు తగ్గుచున్నది. పూడిక తీయక గర్భము మెరకయైనది. ఎగువ పల్లమున, హంస మేయవలసిన తడినేలలో, సర్కారుతుమ్మ దట్టమై అల్లుకొన్నది. దానిలో నక్క పొంచియున్నను కనబడదు గనుక హంస అట్టి గట్టున దిగదు. కొన్ని చోట్ల చెఱువుపొలము కొంచెము కొంచెముగ దున్నబడి పట్టాభూమిలో కలిసిపోయినది. ఇది పక్షికి వచ్చిన నష్టమని విడువరాదు. ఆ తుమ్మయు, ఆ పూడికయు, ఆ ఆక్రమణయు ఆయకట్టు రైతు నీటినే మ్రింగుచున్నవి. 1997లో చట్టమువచ్చి నీటివినియోగదారుల సంఘములేర్పడినవి. ఈ మాటలు వినుచున్న పెద్దలలో కొందఱైనను వానిలో కూర్చున్నవారే. పూడికతీత పనులకు తీర్మానము వ్రాయునపుడు, ఎగువ తడినేలలో తుమ్మ కొట్టించుట యను మాటను గూడ ఒక వరుసగ చేర్చినచో, రైతునకు నీరును హంసకు తెఱపియు ఒకే ఖర్చుతో దొరకును.

మఱియొక ప్రమాదము రోగము. 2005 మే నెలలో చింఘాయి సరస్సువద్ద ఆఱువేలకు పైగా పక్షులు చచ్చిపడినవి. వానిలో ఎక్కువ ఈ హంసలే. కోళ్ళపెంపకములలో ప్రబలిన జాడ్యము అడవిపక్షులకు సోకి అంత పని చేసినది. చెఱువుగట్టున పక్షులు అకారణముగ చచ్చిపడి యున్నచో చేతితో తాకక, పిల్లలను పోనీయక, పశువైద్యశాలకు కబురుచేయవలెను. కూరకు పనికివచ్చునని తెచ్చుకొనుట మిక్కిలి ప్రమాదము.

చూడగోరువారికి ఒకటి రెండు గుఱుతులు చెప్పెదను. కార్తికపు పున్నమి దాటిన పిమ్మట, రాత్రివేళ ముక్కుతో పలికినట్లు ‘ఆంగ్, ఆంగ్’ అను ధ్వని ఆకాశమున సాగిపోవుట వినబడినచో, మఱునాడు తెల్లవారకముందే చెఱువుకట్ట చేరి, చెట్టుమాటున కదలక కూర్చుండవలెను. మేత ముగించుకొని అవి నీటికి మరలివచ్చు వేళ అది. ఎండ పొడచూపగానే తలవెనుక నల్లపట్టెలు రెండును కనబడును. మంగోలియాలోని శాస్త్రజ్ఞులు కొన్నింటి మెడకు అక్షరములు అంకెలు గల పట్టీలు వేసి విడుచుచున్నారు. అట్టివి కన్నడదేశపు చెఱువులలో ఇదివఱకే కనబడినవి. మీ చెఱువున కనబడినచో పట్టీ రంగు, దానిమీది అక్షరములు, తిథి, తేదీ, ఊరిపేరు ఒక కాగితముపై వ్రాసి, అటవీశాఖవారికి గాని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారికి గాని పంపుడు. ఆ పక్షి ఏ సరస్సున ఏ సంవత్సరమున ఆ పట్టీ వేసికొన్నదో వారు జాబు వ్రాయుదురు.